మీటరు దాటాక లెక్క మనదే: ఇంటి చుట్టూ వైరింగుకు అంచనా వేసుకోవడం ఎలా?

(కొడవలూరు మండల రైతు సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

కరెంటు గురించి మన సంఘాలు మాట్లాడటం కొత్త కాదు. చార్జీల పెంపు మీద జరిగిన పోరాటంలో 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులకు ముగ్గురు బలయ్యారు. ఆ పోరాటం వేడి చల్లారకముందే 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. యూనిట్ రేటు మీద, కోతల మీద, కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ల మీద, మోటార్లకు మీటర్ల మీద మనం ఎన్నో తీర్మానాలు చేశాం. అవన్నీ మీటరుకు అవతల సంగతులు. ఈరోజు మీటరుకు ఇవతల సంగతి మాట్లాడుకుందాం. మీటరు దాటిన తర్వాత వైరు మనది, ఖర్చు మనది, ప్రమాదం కూడా మనదే.

ఇంటి లోపలి వైరింగు ఇల్లు కట్టేటప్పుడు ఒకసారి అయిపోతుంది. బయటది అట్టా కాదు. గేటు దగ్గర లైటు ఒక ఏడు, గొడ్ల పాకలో బల్బు ఇంకో ఏడు, పెరట్లో బోరు మోటారు మరో ఏడు. వడ్లు వాకిట్లో ఆరబోసుకోవాలంటే ఒక పెద్ద లైటు. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తిప్పి పంపుతారు గనక రాత్రి పూట కూడా వడ్లు తిరగబోసుకోక తప్పదు. ఇట్టా ఒక్కొక్కటిగా లాక్కున్న వైర్లు చివరికి వేపచెట్టు మీద, వెదురు గడ మీద, బట్టల దండెం పక్కన వేలాడుతుంటాయి. మన జిల్లాలోనే ముత్తుకూరు మండలం నేలటూరు దగ్గర ఒక్కోటి 800 మెగావాట్ల యూనిట్లు నడుస్తున్నాయి. ఆ కరెంటు మన గొడ్ల పాక దాకా వచ్చేసరికి అతుకుల వైరు, దాని మీద టేపు చుట్టు.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2021 ఒక్క ఏడాదిలో దేశంలో కరెంటు షాకుతో చనిపోయిన వాళ్లు 12 వేల మందికి పైనే. అందులో పొలంలో పోయినవాళ్లు, వాకిట్లో పోయినవాళ్లు మనలాంటి వాళ్లే. కాబట్టి ఈ అంచనా సంగతి డబ్బు లెక్క ఒక్కటే కాదు.

మన ప్రాంతానికి ప్రత్యేకంగా ఆలోచించాలి

హైదరాబాదులో వేసిన వైరింగు పద్ధతి మనకు సరిపోదు. మనది సముద్రం గాలి తగిలే ప్రాంతం. ఉప్పు గాలికి ఇనుప మేకు, క్లాంపు, పెట్టె తుప్పు పట్టిపోతాయి. సాదా ఇనుప పెట్టెలో పెట్టిన స్విచ్చి రెండు మూడు వానాకాలాలు చూసేసరికి లోపల పచ్చగా చిలుం పడుతుంది. అతుకు దగ్గర చిలుం పడితే వేడి పుడుతుంది, వేడి పుడితే వైరు మాడుతుంది.

రెండోది వాన. మన జిల్లాకు ప్రధానమైన వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, తుపానులతోనే వస్తాయి. 2015 నవంబరు చూశాం. 2021 నవంబరులో పెన్నా పొంగి కోవూరు దగ్గర పడుగుపాడులో రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను చూశాం. అట్టాంటి రోజుల్లో వాకిట్లో మోకాలి లోతు నీళ్లుంటాయి. నేల మట్టానికి అడుగు ఎత్తులో పెట్టిన ప్లగ్గు ఆ రోజు ఏమవుతుందో వైరింగు చేయించే రోజే ఆలోచించాలి. బయట పెట్టే ప్రతి పెట్టె మీ ఊళ్లో నీళ్లు నిలిచిన ఎత్తుకు పైన ఉండాలి. ఆ ఎత్తు ఎలక్ట్రీషియనుకు తెలియదు. గోడ మీద మరక చూసిన మీకే తెలుసు.

మూడోది గొడ్లు. మనకు కాళ్లకు చెప్పులన్నా ఉంటాయి. గేదెకు నాలుగు కాళ్లూ తడి నేల మీదే. మనకు చురుక్కుమనిపించే లీకు గేదెను పడేస్తుంది. పాకలో ఇనుప స్తంభానికి వైరు ఆనించి కట్టిన ఇంట్లో వానాకాలం ఒక రాత్రి పాడిగేదె పోయిన సంగతి ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామందికి తెలుసు. ఆ ఇంట్లో ఆ రోజు పిల్లలు పాకలోకి వెళ్లకపోవడం వాళ్ల అదృష్టం.

అంచనా మొదలయ్యేది ఎలక్ట్రీషియను రాకముందే

మనం ఏం చేస్తున్నాం? ఎలక్ట్రీషియన్ను పిలుస్తాం. వాకిట్లో నిలబెట్టి ‘ఎంతవుద్ది అబ్బయ్యా?’ అని అడుగుతాం. ఆయన అటూ ఇటూ చూసి ఒక అంకె చెబుతాడు. మనం ‘అంతా?’ అంటాం. ఆయన తగ్గిస్తాడు. అందులో ఏం తగ్గించాడో ఆయన చెప్పడు, మనం అడగం. గొడవ మొత్తం అక్కడే ఉంది.

కాబట్టి ముందు ఒక తెల్ల కాగితం, ఒక కొలత టేపు తీసుకోండి. టేపు లేకపోతే తాడుకు ప్రతి 10 అడుగులకు ఒక ముడి వేసుకోండి. మీటరు బోర్డు ఎక్కడుందో కాగితం మీద గీయండి. అక్కడి నుంచి గేటు ఎంత దూరం, పాక ఎంత దూరం, బోరు ఎంత దూరం కొలిచి రాయండి. దారి గోడ వెంబడి కొలవాలి, గాల్లో అడ్డంగా కాదు. ఏ చోట ఏముండాలో రాయండి: లైట్లు ఎన్ని, ఫ్యాను ఉందా, ప్లగ్గు కావాలా, మోటారు ఎన్ని హెచ్‌పీ. బండి, ట్రాక్టరు, కోత మిషను వెళ్లే దారి ఎక్కడో గుర్తు పెట్టండి. ఆ దారి మీదుగా వైరు వేలాడకూడదు, దాని కింద తక్కువ లోతులో వైరు పూడ్చకూడదు.

ఈ కాగితం మీ చేతిలో ఉంటే ముగ్గురు ఎలక్ట్రీషియన్లు వచ్చినా ఒకే పనికి రేటు చెబుతారు. కాగితం లేకపోతే ముగ్గురూ మూడు వేర్వేరు పనులకు రేటు చెబుతారు. మనం ఆ మూడు అంకెలనూ పోల్చి, తక్కువది చూసి మురిసిపోతాం.

పాయింటు రేటు బయట పనికి రాదు

ఎలక్ట్రీషియను కూలి మూడు రకాలుగా అడుగుతాడు. ఒకటి పాయింటుకు ఇంత అని. రెండోది రోజుకు ఇంత అని. మూడోది సరుకుతో కలిపి మొత్తం గుత్త.

ఇంటి లోపల పాయింటు రేటు సరిపోతుంది. గదిలో స్విచ్చికీ బల్బుకూ మధ్య దూరం అన్ని ఇళ్లలో ఇంచుమించు ఒకటే. బయట అట్టా కాదు. వసారాలో లైటూ ఒక పాయింటే, 150 అడుగుల అవతల బోరు దగ్గర ప్లగ్గూ ఒక పాయింటే. పాయింటు రేటుకు ఒప్పుకుంటే ఎలక్ట్రీషియను నష్టపోతాడు. నష్టపోయే మనిషి దగ్గర దారి వెతుకుతాడు, సన్న వైరు వాడతాడు, పైపు మానేస్తాడు. ఆయన్ను తప్పు పట్టేముందు రేటు పద్ధతిని తప్పు పట్టాలి.

గుత్త బేరంలో మనకు తలనొప్పి తక్కువ, కానీ సరుకు నాణ్యత మన చేతిలో ఉండదు. మేము చెప్పేది ఒకటే: సరుకు మనం కొనుక్కుందాం, కూలి రోజు లెక్కన ఇద్దాం, ఎన్ని రోజులో ముందే మాట్లాడుకుందాం. సరుకు బిల్లుతో కొనండి. వైరు మీద 18 శాతం జీఎస్టీ ఉంది. అది ఎగ్గొడదామని బిల్లు లేకుండా కొంటే, నకిలీ కాయిలు వచ్చినప్పుడు అడగడానికి మన చేతిలో ఏమీ ఉండదు. కాయిలు మీద ఐఎస్ఐ గుర్తు, దాని పైన ఐఎస్ 694 అనే అంకె చూసుకోండి.

ఒక ఇంటి లెక్క వేసి చూద్దాం

ఇప్పుడు ఒక ఇల్లు అనుకుందాం. ఇక్కడ చెప్పే రేట్లు లెక్క ఎట్టా వెయ్యాలో చూపడానికి మేము పెట్టుకున్నవి. మీరు కొనే రోజు నెల్లూరులో రెండు షాపుల్లో అడిగి, ఆ రేట్లు ఇందులో పెట్టుకోండి. పద్ధతి మారదు.

గేటు లైటు 60 అడుగులు. వాకిట్లో వడ్లు ఆరబోసే చోట పెద్ద లైటు 50 అడుగులు. గొడ్ల పాక 90 అడుగులు. పాక లోపల రెండు లైట్లు, ఒక ఫ్యాను, ఒక ప్లగ్గుకు ఇంకో 60 అడుగులు. మొత్తం దారి 260 అడుగులు. ఎక్కడానికి, దిగడానికి, అతుకులకు పదో వంతు కలిపితే 286 అడుగులు.

ఈ దారిలో మూడు వైర్లు పోవాలి. ఎరుపు ఫేజుకు, నలుపు న్యూట్రలుకు, ఆకుపచ్చ ఎర్తుకు. ఒక కాయిలు 90 మీటర్లు, అంటే 295 అడుగులు. కాబట్టి 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు రంగుకు ఒకటి చొప్పున మూడు కాయిళ్లు సరిపోతాయి. ఎవరైనా రెండే కాయిళ్లు రాశారంటే ఆకుపచ్చది ఎగిరిపోయిందని అర్థం. అంచనా చదవడం అంటే ఇదే.

బోరు మోటారు 1 హెచ్‌పీ, 150 అడుగుల దూరం. అటూ ఇటూ పైకి లేచేదానికి 14 అడుగులు కలిపితే 164 అడుగులు, అంటే 50 మీటర్లు. దీనికి మూడు పోగుల 4 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబులు, పైన ఇనుప కవచం ఉన్నది, భూమిలో వెయ్యాలి.

సరుకు ఖర్చు:

– 1.5 వైరు మూడు కాయిళ్లు, ఒక్కోటి రూ. 2,200 చొప్పున: రూ. 6,600
– కవచం కేబులు 50 మీటర్లు, మీటరు రూ. 250 చొప్పున: రూ. 12,500
– గోడ వెంబడి పీవీసీ పైపులు, బెండ్లు, క్లాంపులు, జంక్షన్ పెట్టెలు: రూ. 3,400
– స్విచ్చిలు, ప్లగ్గు, నీళ్లు దూరని పెట్టెలు: రూ. 2,000
– లైట్లు (ఫ్యాను ఇంట్లోదే): రూ. 2,000
– బయటి లైనుకు విడిగా చిన్న బోర్డు, అందులో ఎంసీబీలు, ఒక ఆర్‌సీసీబీ: రూ. 3,500
– ఎర్తు గుంటకు పైపు, క్లాంపు, వైరు, బొగ్గు, ఉప్పు: రూ. 2,500
– కేబులు కింద, పైన పొయ్యడానికి ఇసుక, కప్పడానికి ఇటుకలు: రూ. 2,400

మొత్తం సరుకు రూ. 34,900.

కూలి ఖర్చు:

– ఎలక్ట్రీషియను 3 రోజులు, రోజుకు రూ. 1,000: రూ. 3,000
– సహాయకుడు 3 రోజులు, రోజుకు రూ. 600: రూ. 1,800
– 150 అడుగుల కాలువ, రెండున్నర అడుగుల లోతు, అడుగు వెడల్పు తవ్వి పూడ్చడానికి నలుగురి ఒక రోజు పని, మనిషికి రూ. 700: రూ. 2,800
– ఎర్తు గుంట తవ్వడం ఒక మనిషి: రూ. 700

మొత్తం కూలి రూ. 8,300. సరుకూ కూలీ కలిపి రూ. 43,200. తవ్వేటప్పుడు రాయి పడొచ్చు, పైపు తగ్గొచ్చు, అందుకు పదో వంతు విడిగా పెట్టుకుంటే రూ. 47,520.

ఇది చిన్న మొత్తం కాదు. 2025–26కు సాధారణ రకం వడ్లకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు రూ. 2,369. మన పుట్టి 850 కిలోలు. పూర్తి మద్దతు ధర చేతికొచ్చినా పుట్టికి రూ. 20,136. అంటే రెండు పుట్లకు పైన వడ్లు ఈ వైరింగుకే పోతాయి. ఆ ధర కూడా రాని ఏడు మూడు పుట్లకు దగ్గర పడుతుంది. కాబట్టి తగ్గించుకోవాలని చూడటం తప్పు కాదు. దేన్ని తగ్గిస్తున్నామన్నదే ప్రశ్న.

28 వేలకు చేస్తానన్నవాడు ఏం వదిలేశాడు?

ఇదే పనికి ఇంకొకాయన వచ్చి 28 వేలకు చేస్తానంటాడు. ఎట్టా కుదురుద్ది? కూలి తగ్గించా? ఎలక్ట్రీషియనుకూ సహాయకుడికీ కలిపి మనం రాసింది రూ. 4,800. మొత్తంలో అది పదో వంతు. వాళ్లిద్దరూ ఊరికే చేసినా 28 వేలు రాదు.

ఏం పోయిందో చూడండి. ఎర్తు గుంట మానేస్తే సరుకు, కూలి కలిపి రూ. 3,200 మిగులు. ఆర్‌సీసీబీ మానేస్తే సుమారు రూ. 2,000 మిగులు. కాలువ తవ్వకుండా వైరు గడల మీద వేలాడదీస్తే తవ్వకం, ఇసుక, ఇటుకలు కలిపి రూ. 5,200 మిగులు. కవచం కేబులు బదులు సన్న వైరు లాగితే సుమారు రూ. 8,500 మిగులు. అన్నీ కలిపితే రూ. 18,900. మన లెక్కలోంచి తీసేయండి, రూ. 28,620 వస్తుంది. ఆయన చెప్పిన 28 వేలు అక్కడికి సరిపోయింది. తగ్గినదంతా ప్రాణం కాపాడే సరుకే.

ఆ నాలుగూ ఎందుకు కావాలో ఒక్కొక్కటి చెప్పుకుందాం. తెలిస్తేనే బేరంలో గట్టిగా నిలబడతాం.

మొదటిది వైరు మందం. 1 హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు 7 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. కానీ మొదలయ్యే క్షణంలో దానికి ఐదారు రెట్లు, అంటే 40 ఆంపియర్ల దాకా లాగుతుంది. 150 అడుగుల దూరం 1.5 వైరు వేస్తే పోను రాను దారిలో ఆ క్షణంలో సుమారు 49 వోల్టులు వైరులోనే ఆవిరైపోతాయి. 4 చదరపు మిల్లీమీటర్ల వైరైతే 18 వోల్టులే పోతాయి. సాయంత్రం మన ఊళ్లకు వచ్చేది 230 వోల్టులు కాదు, ఒక్కోసారి 200. అందులో 49 పోతే మోటారుకు మిగిలేది 151. మోటారు గుయ్యిమంటుంది గాని తిరగదు. తిరగని మోటారు కాలుతుంది. వైరులో మిగిల్చింది వైండింగు షాపులో పెట్టాలి.

రెండోది ఎర్తు. మోటారు పైకప్పుకు ఎక్కడన్నా లోపల ఫేజు తగిలితే ఆ కరెంటు భూమిలోకి పోవడానికి ఒక సులువైన దారి ఉండాలి. ఆ దారి వైరు ద్వారా లేకపోతే, మోటారును ముట్టుకున్న మనిషి ద్వారా ఉంటుంది. రెండున్నర మీటర్ల పూత వేసిన ఇనుప పైపు, చుట్టూ బొగ్గు, ఉప్పు, పైన నీళ్లు పొయ్యడానికి గరాటు. మన ఉప్పు నేలలో ఆ పైపు, క్లాంపు తొందరగా తినేస్తుంది. అందుకని ఏటా ఎండాకాలంలో క్లాంపు విప్పి చూడాలి. నేల ఎండిన మే నెలలో ఎర్తు టెస్టరుతో కొలిచి చూపించమనండి. వానాకాలంలో కొలిస్తే ప్రతి ఎర్తూ మంచిదిగానే కనిపిస్తుంది.

ఇంకొక మాట. న్యూట్రలు పోయినప్పుడు కొందరు ఇనుప చువ్వను నేలలో గుచ్చి, దాన్నే న్యూట్రలు చేసుకుని మోటారు నడుపుతున్నారు. దయచేసి మానండి. ఆ చువ్వ చుట్టూ తడి నేల మొత్తం కరెంటే. పక్కింటి పిల్లవాడు దాని పక్కన కాలు పెడితే ఎవరు జవాబు చెబుతారు?

మూడోది ఆర్‌సీసీబీ. మన ఇళ్లలో చాలామంది ‘మాకు ట్రిప్పర్ ఉంది’ అంటారు. అది ఎంసీబీ. అది వైరును కాపాడేది, మనిషిని కాదు. 16 ఆంపియర్ల ఎంసీబీ అంటే 16 వేల మిల్లీ ఆంపియర్లు దాటితే గాని పడదు. మనిషి ప్రాణం తియ్యడానికి అందులో చాలా చిన్న వంతు చాలు. ఆర్‌సీసీబీ ఫేజులో పోయిన కరెంటు, న్యూట్రలులో తిరిగొచ్చిన కరెంటు సరిపోల్చుకుంటుంది. 30 మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే, అంటే ఎక్కడో ఎవరి ఒంట్లోంచో కారిపోతోందనుకుని, కన్ను మూసి తెరిచేలోపే ఆపేస్తుంది. దాని మీద ‘టెస్ట్’ అని ఒక చిన్న బొత్తాం ఉంటుంది. నెలకోసారి నొక్కండి. పడితే మంచిది, పడకపోతే మార్చండి. అది ఊరికే పడుతోందని తీసేసి నేరుగా కలిపేవాళ్లున్నారు. అది ఊరికే పడదు. ఎక్కడో లీకు ఉందని చెబుతోంది.

నాలుగోది పూడ్చడం. వేలాడే వైరు ఈదురు గాలికి తెగుతుంది, దండెం తీగ మీద పడుతుంది. తడి బట్ట ఆరేసేది ఇంట్లో ఆడవాళ్లు. పూడ్చిన కేబులుకు ఆ బాధ లేదు. రెండున్నర అడుగుల లోతు, కింద ఇసుక, పైన ఇసుక, దాని మీద ఇటుకలు. రేపు ఎవరన్నా గునపం వేస్తే ముందు ఇటుక తగులుతుంది, ఆగుతారు. కేబులు పోయిన దారి కాగితం మీద గీసి ఇంట్లో పెట్టుకోండి.

ఎక్కడ తగ్గించుకోవచ్చు?

తవ్వకం మనమే చేసుకోవచ్చు. ఎర్తు గుంటతో కలిపి అక్కడ రూ. 3,500. పాత ఇటుకలు, ఇసుక ఇంట్లో ఉంటే ఆ ఖర్చు కూడా తగ్గుతుంది. పాకకు దగ్గరగా బోరు ఉంటే రెండింటికీ ఒకే కాలువ సరిపోతుంది. అన్నీ ఒకేసారి చేయలేకపోతే దశలుగా చేయండి: మొదట ఎర్తు, ఆర్‌సీసీబీ, తర్వాత మోటారు కేబులు, ఆఖర్న గేటు లైటు. చాలా ఇళ్లలో ఇది తలకిందులుగా జరుగుతోంది. గేటుకు రంగు లైటు ముందొస్తుంది, ఎర్తు ఎప్పటికీ రాదు.

ఇంకొక దారి సంఘంగా ఉంది. ఒక ఊళ్లో ఎనిమిది పది ఇళ్లవాళ్లు కలిస్తే కాయిళ్లు, కేబులు ఒకేసారి కొనవచ్చు. కేబులు డ్రమ్ము లెక్కన తెచ్చుకుంటే ముక్కలు వృథా కావు. ఎలక్ట్రీషియనుకు పది పదిహేను రోజులు వరస పని దొరుకుతుంది గనక ఆయన కూడా సరైన రేటుకు వస్తాడు. కోతలు అయిపోయి ఎడగారు పనులు జోరందుకోకముందు ఈ పని పెట్టుకోవాలి. అక్టోబరు వానలు మొదలయ్యాక కాలువ తవ్వితే నీళ్లే.

ఎలక్ట్రీషియను కూడా కష్టజీవే

మన సంఘం తరఫున గట్టిగా చెప్పదలచుకున్న మాట ఇది. మనం వడ్లకు ధర అడుగుతాం. దళారీ ‘అంతా?’ అంటే మన కడుపు మండుతుంది. అదే మాట మనం ఎలక్ట్రీషియనుతో అంటున్నాం. రూ. 4,800 కూలిలో 500 తగ్గించామని సంతోషపడి, 2,000 రూపాయల ఆర్‌సీసీబీ ఆయన పెట్టలేదని గమనించం. ఆయన నిచ్చెన ఎక్కేది, ఫేజు ముట్టుకునేది తన ప్రాణం పెట్టి. ఆయనకు న్యాయమైన కూలి ఇద్దాం. దానికి బదులు పని సరిగ్గా అడుగుదాం.

ఏం అడగాలి? ఐటీఐ చదివారా, వైర్‌మ్యాన్ పర్మిట్ ఉందా అని అడగండి. అడగడం అవమానం కాదు, ట్రాక్టరు డ్రైవరును లైసెన్సు అడగమా? అంచనా కాగితం మీద రాయించుకోండి: వైరు మందం, ఎన్ని మీటర్లు, ఎర్తు ఉందా, ఆర్‌సీసీబీ ఉందా, ఎన్ని రోజులు. మూడో వంతు ముందు, మూడో వంతు సగం పనికి, మిగిలింది ఎర్తు కొలిచి చూపించి, టెస్ట్ బొత్తాం నొక్కి చూపించిన తర్వాత. పని చేసేటప్పుడు మెయిన్ ఆపకుండా చెయ్యనివ్వకండి. మీటరుకు అవతల, స్తంభం మీద పని అయితే ఎంత తెలిసినవాడైనా ఎక్కనివ్వకండి. అది సంస్థ సిబ్బంది పని. 1912కు ఫోన్ చేయండి, సచివాలయంలో ఎనర్జీ అసిస్టెంటుకు చెప్పండి.

చట్టం సంగతి రెండు మాటలు

పొలంలో ఉచిత కరెంటు సర్వీసు నుంచి ఇంటికో, రొయ్యల గుంటకో లైను లాక్కుంటే విద్యుత్ చట్టం 2003లో 126వ సెక్షను కింద అనధికార వాడకం. ఆ వాడకానికి వర్తించే రేటుకు రెండింతలు కట్టిస్తారు. పందుల కోసం పొలం చుట్టూ తీగకు నేరుగా కరెంటు పెట్టడం ఇంకా పెద్ద నేరం. ఆ తీగకు పందికీ పక్క పొలం రైతుకీ తేడా తెలియదు. ఇట్టాంటి వాటిని సంఘం సమర్థించదు.

కౌలు రైతుల మాట కూడా చెప్పాలి. మన దగ్గర పొలం చేసేది ఒకరు, మోటారు షెడ్డు ఇంకొకరిది. అతుకుల వైరు ముట్టుకునేది కౌలు రైతు, బాగు చేయించాల్సింది యజమాని. కౌలు మాట్లాడుకునే రోజే మోటారు వైరింగు, ఎర్తు ఖర్చు యజమానిదేనని తేల్చుకోవాలి. ముందు కౌలు రైతు పెట్టుకుంటే కౌలులో తగ్గించాలి. ఇందులో సంఘం కౌలు రైతు పక్షాన నిలబడుతుంది.

మన ముందున్న పనులు

ప్రభుత్వాన్ని మనం అడిగేవి మూడు. ప్రతి సచివాలయంలో పర్మిట్ ఉన్న వైర్‌మ్యాన్‌ల జాబితా గోడ మీద పెట్టాలి. పని వచ్చి కాగితం లేని మన పిల్లలకు మండలంలోనే శిక్షణ పెట్టి, పరీక్ష రాయించి పర్మిట్ ఇప్పించాలి. ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర ఎర్తు, కంచె వానాకాలానికి ముందే సరిచూడాలి.

మనం చేసుకోవాల్సినవి కూడా మూడు. వచ్చే సమావేశానికి ప్రతి సభ్యుడూ తన ఇంటి వాకిలి, పెరడు కొలిచి గీసిన కాగితం తీసుకురావాలి. ప్రతి గ్రామ కమిటీ ఊళ్లో ఎన్ని ఇళ్లకు ఎర్తు లేదో, ఎన్ని ఇళ్లకు ఆర్‌సీసీబీ లేదో లెక్క రాసుకు రావాలి. సంఘం ఆ కాగితాలు చూసి, కలిపి కొనే సరుకు పట్టీ తయారు చేసి, నెల్లూరు షాపుల్లో రేట్లు రాయించుకొస్తుంది.

ఆ కాగితం గీసేటప్పుడు ఇంట్లో ఆడవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. ఏ ప్లగ్గు చురుక్కుమంటోందో, ఏ స్తంభం వానకు జిల్లుమంటోందో మనకంటే ముందు వాళ్లకు తెలుసు. అంచనాలో మొదటి గీత అక్కడి నుంచి మొదలు పెట్టండి. సెలవు.